కుడికాలి బూటు లోపల

పోయిన నెల తిరుపతిలో ఒక పెద్ద షోరూములో సేల్స్‌మన్ అట్టపెట్టె మూత తీయగానే కొత్త రబ్బరు, జిగురు కలిసిన వాసన ముక్కుకు తగిలింది. మోకాళ్ళ నొప్పికి నడక మంచిదని, నడకకు మంచి బూట్లు కావాలని డాక్టరు చెబితే మా ఆవిడను వెంటబెట్టుకుని వెళ్ళాను. ఇప్పుడు వాటిని స్నీకర్స్ అంటున్నారు. ఆ జత ధర పదకొండు వేల చిల్లర. "ఏందబ్బా, కాళ్ళకు పదకొండు వేలా!" అని మా ఆవిడ గట్టిగానే అన్నది. ఆ వాసన అప్పటికే నన్ను చిత్తూరుకు తీసుకుపోయింది. నలభై ఏళ్ళ కిందట, కోర్టు ప్రహరీగోడ పక్కన, ఒక మనిషి నా కుడికాలి బూటు విప్పించి, నన్ను మాటమాత్రం అడగకుండా నా కళ్ళముందే దాన్ని ముక్కు నుంచి మడమ దాకా రెండుగా కోశాడు. ఆ రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. పత్రికలో నేను నేర్చుకున్న పని అంతా ఆ కోత దగ్గరే మొదలైందని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఆయన పేరు మునస్వామి. సొంత ఊరు తమిళనాడులో ఆంబూరు పక్కన పల్లె. అక్కడ విదేశాలకు పోయే బూట్లు కుట్టే ఫ్యాక్టరీలో పన్నెండేళ్ళు పని చేసి, జిగురు వాసనకు ఊపిరి పట్టక మానేసి, పెళ్ళాం పుట్టిల్లయిన చిత్తూరుకు వచ్చి కోర్టు గోడకు టార్పాలిను కట్టుకున్నాడు. నేను ఎరిగేనాటికి యాభై దాటినవాడు. సన్నని మనిషి, ఎడమ బొటనవేలి గోరు సగం ఉండేది కాదు. ఆయన పక్కన గోడకు కట్టిన దారానికి సగానికి కోసిన బూట్లు, చెప్పులు వరసగా వేలాడుతుండేవి. ఎవరైనా పారేస్తామన్న పాత బూటు ఉంటే అడిగి తీసుకుని, కోసి, లోపల ఏముందో చూసి, తగిలించేవాడు. అటుగా పోయే వకీళ్ళు ఆయనను "డాక్టరు" అని పిలిచేవాళ్ళు. "ఏం డాక్టరూ, ఈ పొద్దు ఎన్ని పోస్టుమార్టాలు?" అని ఒకాయన అడిగితే, మునస్వామి తల ఎత్తకుండానే, "మీరు కేసు ఓడినాక సూస్తారు సామీ, నేను ముందే సూస్తాను. అంతే తేడా" అన్నాడు. ఆ వకీలు నవ్వుతూనే పోయాడు గాని, మళ్ళీ ఆ మాట అడగలేదని గుర్తు.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ఏ బూటు తెచ్చినా ముందు పైన చూసేవాడు కాదు. చెయ్యి లోపలికి పోనిచ్చి, కళ్ళు మూసుకుని, వేళ్ళతో అడుగంతా తడిమేవాడు. అప్పుడుగాని కూలి ఎంతో, ఎన్నాళ్ళకు ఇస్తాడో చెప్పేవాడు కాదు. "పైదంతా అమ్మేదానికి చేస్తారప్పా. కాలుండేది లోపల గదా" అనేవాడు. ఇరవై నాలుగేళ్ళ వయసులో ఈ మాట నాకు బూట్ల గురించే చెప్పినట్టు వినిపించింది.

అప్పుడు నేను ఒక తెలుగు దినపత్రికకు చిత్తూరు విలేకరిని. కోర్టు, కలెక్టరాఫీసు, మామిడి మండీ, ఆస్పత్రి, అన్నీ కాలినడకనే. నా చెప్పులు నెలకోసారి తెగేవి, అందుకే మునస్వామితో స్నేహం. రాసిన వార్తలన్నీ ఒక కవరులో పెట్టి, మూడు గంటలకు తిరుపతి పోయే బస్సు డ్రైవరు చేతికి ఇవ్వాలి. తిరుపతి బస్టాండులో మా ఆఫీసు మనిషి ఆ కవరు అందుకుంటాడు. ఆ బస్సు తప్పితే ఆ రోజు చిత్తూరులో ఏమీ జరగనట్టే లెక్క. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసిన తప్పు ఆ మూడు గంటల బస్సు తొందరలో చేసింది.

బజారు వీధిలో కొత్తగా ఒక బూట్ల అంగడి తెరిచారు. మద్రాసు నుంచి, ఇంకా పైనుంచి తెప్పించిన ఆటల బూట్లు అద్దాల వెనక పెట్టి అమ్మే అంగడి మా ఊరికి అదే మొదలు. ఒక్కో జత ధర నా నెల జీతంలో సగం పైమాటే. ప్రారంభోత్సవానికి విలేకరులను పిలిచారు. మామూలుగా అయితే ఒక పెన్ను, ఒక రెగ్జిన్ సంచీ ఇచ్చేవాళ్ళు. ఈ యజమాని ముందురోజే మనిషిని పంపి మా కాళ్ళ సైజు కనుక్కుని, ఆ రోజు తలా ఒక జత చేతిలో పెట్టాడు. తెల్లటి బూట్లు, పక్కన నీలం గీతలు, అడుగున మెత్తటి మడమ. వేసుకుని రెండడుగులు వేస్తే నేల కిందికి దిగినట్టు అనిపించింది. యజమాని మైకు ముందు, "ధర కాస్త ఎక్కువే, కానీ పదేళ్ళు చెక్కుచెదరవు" అన్నాడు. అదే రాసుకున్నాను. గదికి వచ్చి వార్త రాస్తే పేజీ నిండి, ఇంకో రెండు మూడు మాటలు మిగిలాయి. గడియారం మూడుకు పది నిమిషాలు చూపిస్తోంది. ఒక సింగిల్ కాలమ్ వార్తకు ఇంకో కాగితం ఎందుకని, ఎక్కడ తగ్గించాలా అని చూసి, "అని యజమాని అన్నారు" అన్న మూడు మాటలు కొట్టేశాను. మర్నాడు పత్రికలో ఆ బూట్లు పదేళ్ళు చెక్కుచెదరవని మా పత్రికే చెప్పినట్టు వచ్చింది.

ఆ వార్తను మునస్వామికి చదివి వినిపించాను కూడా. ఆయనకు తెలుగు అక్షరాలు రావు, అరవం కూడబలుక్కుని చదివేవాడు. అంతా విని, "పదేండ్లా? ఎవురు చెప్పినారు?" అన్నాడు.

"అంగడాయన."

"పేపర్లో ఆయన పేరు రాలేదే ఆ మాట కాడ?"

"చోటు లేదన్నా."

ఆయన నా కాళ్ళకున్న కొత్త బూట్ల వైపు చూశాడు. ఆ పూట చేస్తున్న పనిలోకి తల వంచేశాడు.

రెండు వారాలు గడిచి ఉంటాయి. మధ్యాహ్నం కోర్టు విరామంలో మునస్వామి దగ్గర నిలబడి ఉన్నాను. బంగారుపాళ్యం వైపు నుంచి ఒక రైతు వచ్చాడు, గోవిందు నాయుడని తర్వాత తెలిసింది. నలభై ఏళ్ళ మనిషి. భుజం మీద తువ్వాల, చేతిలో ఒక గుడ్డసంచీ. సంచీలోంచి తీసింది సరిగ్గా నా కాళ్ళకున్నలాంటి జతే, కొంచెం చిన్న సైజు. ఒకదాని అడుగు ముందువైపు నోరు తెరుచుకుని ఉంది.

"మా పాపవప్పా" అన్నాడు మునస్వామితో. "పదో తరగతి. పరుగులో మా పక్క దాన్ని కొట్టినోళ్ళు లేరు. ఉత్త కాళ్ళతోనే పరిగెత్తతాండె. తిరపతిలో సెలక్షను ఉండాది, ఆడ గ్రౌండంతా మసిబొగ్గు పోసి ఉంటాదంట, మంచి బూట్లుంటే గాని కాదని డ్రిల్లు మాస్టరు చెప్పినాడు. తోట గుత్తకిచ్చిన దుడ్లు చేతిలో ఉండె, కొనిస్తి. నాలుగో దినం ఊడిపాయ. కాలు బెణికి వారం దినాలు మంచాన్నే పండుకొనింది పిల్ల. అంగట్లో అడిగితే, తడిపినారు, మాకు సంబంధం లేదంటారు. సెలక్షను ఎల్లుండి గాక ఆవలెల్లుండి."

"అంత దుడ్డు పెట్టి యాల కొంటివి నాయుడా?" అన్నాడు మునస్వామి.

గోవిందు నాయుడు చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం ముక్క తీశాడు. దూరం నుంచే గుర్తుపట్టాను. "నేనేమన్నా ఉత్తినే కొంటినా? సూడు, పదేండ్లు సెక్కు సెదరవని ఏసినారు. పేపరోళ్ళు వాళ్ళు సూసే గదా ఏస్తారు?"

ఆ క్షణంలో నోరు తెరిచి ఉండాల్సింది నేను. తెరవలేదు. ఆ కాగితం వైపు గాని, ఆయన వైపు గాని చూడకుండా, కోర్టు గేటు వైపు చూస్తూ నిలబడ్డాను. మునస్వామి అంతా గమనించాడు. నా పేరు ఎత్తలేదు. చెయ్యి చాచి, "సారూ, ఆ కుడికాలిది ఇప్పండి" అన్నాడు. పోల్చి చూడడానికేమో అనుకుని విప్పి ఇచ్చాను. తోలు కోసే కత్తి తీసుకుని, రాతి మీద రెండుసార్లు నూరి, ముక్కు దగ్గర దించాడు. నేను "అన్నా! అన్నా!" అంటుండగానే బూటు రెండు ముక్కలైంది.

గోవిందు నాయుడు నోరు తెరిచాడు. "ఏందయ్యా ఇది, మంచి బూటును!"

"మంచిదో కాదో ఇప్పుడు సూడు" అని మునస్వామి రెండు ముక్కలనూ ఎండకు పెట్టాడు. కాలు ఆనేచోట పల్చని గుడ్డ. దాని కింద స్పాంజి కాదు, తోలు కాదు, అట్ట. మామూలు అట్టపెట్టె అట్ట, అప్పటికే చెమటకు ఉబ్బి పొరలు విడిపోతోంది. మెత్తగా ఉందని నేను మురిసిన మడమ లోపల తేనెపట్టులాగా గళ్ళు, గళ్ళల్లో గాలి. అడుగును పైభాగంతో పట్టి ఉంచింది జిగురు ఒక్కటే. చుట్టూ కనబడే దారం కుట్టు రబ్బరు మీద పోసిన బొమ్మ, ఒక్క పోటు కూడా లోపలికి దిగలేదు.

అప్పుడు ఆయన చేసిన పని నాకు ఇంకా బాగా గుర్తుంది. పైభాగం ముక్కను తిప్పి, నీలం గీతల దగ్గర కుట్టు మీద వేలు పెట్టి, ఎంతో సేపు చూశాడు. "ఇది సూడప్పా. ఈ కుట్టిన చెయ్యి మంచి చెయ్యి. ఎవురో ఆడబిడ్డ కుట్టింటాది, ఒక్క పోటు కూడా దారి తప్పలా. గుడ్డ మంచిది, రబ్బరూ చెడ్డది కాదు. ఎవుడో మహానుభావుడు కనపడని తావులో మిగిలించుకున్నాడు. రేటు మాత్రం కనపడేదాన్ని బట్టి ఏసినాడు." కోపం వచ్చినప్పుడు కూడా ఆయన పనిచేసిన మనిషిని, ధర కట్టిన మనిషిని కలిపి తిట్టలేదు. పత్రికల్లో అన్నేళ్ళు పనిచేసినా, ఒక పని బాగాలేదని రాసేటప్పుడు అందులో బాగున్న చేతిని వెతకడం నేను నేర్చుకున్నది ఆ మధ్యాహ్నమే.

పాప బూట్లు రెండూ విప్పాడు. అట్ట పీకేసి, తన దగ్గరున్న పదును చేసిన తోలు కొలిచి కోసి లోపల పరిచాడు. మైనం పట్టించిన దారంతో అడుగు చుట్టూ నిజం కుట్టు వేశాడు. సాయంత్రం దాకా పట్టింది. మూడు గంటల బస్సుకు ఆ రోజు నా కవరు పోలేదు. ఒంటి బూటుతో గోడకు ఆనుకుని కూర్చుని ఆ చేతుల వైపే చూస్తూ ఉండిపోయాను. మునస్వామి కూలి తీసుకున్నాడు, ఎవరికీ ఊరికే చేసే మనిషి కాదు. "రేపంతా ఏసుకుని నడవమను. పరుగు పెట్టనీయొద్దు. తోలు కాలికి అలవాటు కావాల" అని చెప్పి, "ఆ పేపరు ముక్క ఇచ్చి పో నాయుడా. నీకింక దాంతో పనేముండాది?" అన్నాడు.

గోవిందు నాయుడు వెళ్ళిపోయాక మునస్వామి ఆ ముక్కను నా ఒళ్ళో పెట్టాడు. "ఏమప్పా, మాట పెగల్లేదే?"

"నువ్వన్నా చెప్పి ఉండొచ్చు గదన్నా, రాసింది నేనని."

"నేను యాల చెప్పల్ల? రాసింది నువ్వు. నేను చెప్పులు కుట్టేటోడిని."

సెలక్షన్ నాడు మా ఆఫీసుకు ఏదో సాకు చెప్పి తిరుపతి పోయాను. మైదానం అంచున గోవిందు నాయుడు ఒక్కడే ఉన్నాడు, తువ్వాల తలకు చుట్టుకుని. పక్కన కూర్చుని, "అన్నా, ఆ పేపర్లో బూట్ల సంగతి రాసింది నేనే. నేను చూసి రాయలేదు, అంగడాయన చెప్పింది రాసినాను" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నువ్వా అబ్బా? ఆ పొద్దు ఒంటి బూటుతో కూసోనుండినోడివి!" అని నవ్వి, "పొరపాటు ఎవురైనా చేస్తారులే. అయితే ఇది గూడా ఏయప్పా పేపర్లో. మా మాదిరోళ్ళు ఇంకెవురన్నా కొంటారు" అన్నాడు.

రేవతి, ఆయన కూతురు, ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తింది. బక్కపల్చటి పిల్ల, రెండు జడలు మడిచి కట్టుకుంది. మొదటి చుట్టు అందరికంటే ముందుంది. రెండో చుట్టు సగంలో పొడుగుపాటి పిల్లలిద్దరు దాటారు. చివరి మలుపు దగ్గర మళ్ళీ అందుకుంది గాని, గీత దగ్గరికి వచ్చేసరికి రెండో పిల్లకు ఈమెకు మధ్య రెండు అడుగుల దూరం ఉంది. మూడో స్థానం. తీసుకునేది ఇద్దరినే. మసిబొగ్గు దుమ్ముతో మోకాళ్ళ దాకా నల్లబడిన కాళ్ళతో వచ్చి, తండ్రి ముందు వంగి ఆయాసపడుతూ, "నాయనా, బూటు ఏం కాలేదు, సూడు. ఒక రాయి గూడా తగల్లేదు" అన్నది. ఓడిపోయిన పిల్ల ముందుగా చెప్పిన మాట అది. తండ్రి తువ్వాలతో ఆమె కాళ్ళు తుడిచాడు.

తిరుపతిలో మా ఎడిషన్ ఇన్‌చార్జిని కలిసి సవరణ వేద్దామన్నాను. ఆయన మంచివాడే. అంగడి వాళ్ళు ప్రతి ఆదివారం ప్రకటన ఇస్తున్నారని, వాళ్ళ పేరు లేకుండా అయితే "బూట్లు కొనేముందు" అని ఒక వ్యాసం రాసుకొమ్మని అన్నాడు. రాశాను. ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని, ప్రతి వాక్యం చివరా "అని మునస్వామి అన్నారు", "అని మునస్వామి చెప్పారు" అని పెట్టాను. లోపలి పేజీలో వచ్చింది. పట్టుకుపోయి చదివి వినిపించాను, మెచ్చుకుంటాడని.

"నా పేరు శానా సార్లు పడిందే" అన్నాడు.

"అవునన్నా. నువ్వు చెప్పిందంతా నీ పేరు మీదే వేసినాను."

"అట్ట ఉండాదని నేను చెప్తే తెలిసిందా నీకు? నీ కండ్లతో సూస్తివి గదా? మొదటి తూరి వాడు చెప్పింది నువ్వు సూసినట్టు రాస్తివి. ఇప్పుడు నువ్వు సూసింది నేను చెప్పినట్టు రాస్తివి. నువ్వెప్పుడప్పా బయటికొచ్చేది?"

పత్రికల్లో ఆ తర్వాత నాకు చాలామంది పాఠాలు చెప్పారు, బెంగుళూరులో శిక్షణ తరగతులకు కూడా పంపారు. విన్నదాన్ని విన్నట్టు, చూసినదాన్ని చూసినట్టు రాయాలని చెప్పడానికి వాళ్ళకు మూడు రోజులు పట్టింది. మునస్వామికి ఒక చెప్పు అడుగుకు మేకు కొట్టేంత సేపు పట్టింది.

ఖరీదైన వస్తువంటేనే ఆయనకు పడదని ఎవరైనా అనుకుంటే పొరపాటు. నా ఎడమదాంట్లోనూ అట్ట పీకి తోలు పరిచి, దానికి జోడుగా కుడికాలికి తానే ఒక బూటు కుట్టి ఇచ్చాడు, కుడిది గోధుమరంగు తోలు, ఎడమది తెలుపు. రెండేళ్ళు ఆ రంగురంగుల కాళ్ళతోనే తిరిగాను. కలెక్టరాఫీసు జవాన్లు "రెండు పార్టీల రిపోర్టరు" అని పేరు పెట్టారు. ఆ రోజుల్లోనే ఒక డాక్టరుగారి అల్లుడు మడమ అరిగిందని విదేశీ ఆటల బూటు ఒకటి తెచ్చాడు. మునస్వామి చెయ్యి లోపల పెట్టాడు, కళ్ళు మూసుకున్నాడు, మామూలుకంటే ఎక్కువ సేపు తీయలేదు. "దీన్ని కొయ్యగూడదు. దీని రేటు దీనికి తగును" అన్నాడు.

"అంత ధరా అన్నా? దాంతో ఒక ఆవు వస్తుంది."

"రానీ. సగం పనికి, సగం పేరుకి. పేరుకీ కొంత ఇయ్యొచ్చప్పా. పేరు నిలబెట్టుకునేదానికి గూడా కష్టపడాల. పేరుకే అంతా ఇయ్యగూడదు, అంతే."

ఎనభైల చివర్లో ఆయనకు ఊపిరి బాధ ఎక్కువై కొడుకు దగ్గరికి ఆంబూరు పోయాడు. పోయేముందు గోడ మీది దారాన్ని విప్పి, కోసిన బూట్లన్నీ మునిసిపాలిటీ బండిలో వేయించి, నా కుడిబూటు రెండు ముక్కలు మాత్రం నాకిచ్చాడు. తర్వాత ఒక ఉత్తరం వచ్చింది, కొడుకు రాసింది, తండ్రి పోయాడని. ఆ ముక్కలు మా ఇంట్లో పుస్తకాల అలమారలో ఉన్నాయి, ఒకదాంట్లో ఆ నాలుగు మడతల కాగితం కూడా. అట్ట ఎప్పుడో పొడిపొడి అయిపోయింది. నీలం గీతల పక్క కుట్టు అలాగే ఉంది.

షోరూములో ఆ పదకొండు వేల బూటులోకి చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాను. "మడమలో ఏముంది?" అని అడిగాను. "గాలి గదులు సార్, పదేళ్ళు మన్నే టెక్నాలజీ" అన్నాడు సేల్స్‌మన్. "నువ్వు చూశావా?" "కంపెనీ వాళ్ళు చెప్పారు సార్." "అయితే కంపెనీ వాళ్ళు చెప్పారని చెప్పు నాయనా" అన్నాను. వాడు నవ్వాడు. మా ఆవిడ మునస్వామిని ఎన్నడూ చూడలేదు, నా నోట వినడమే. అయినా, "ఇంతకీ మీ డాక్టరు ఏమంటాడు?" అన్నది. కొన్నాను. వేళ్ళకు తగిలిన కుట్టు నిజంది. ధరకు తగునో లేదో నడిచాక చెబుతాను.

రేవతిని చాలా ఏళ్ళకు ఒకసారి కాణిపాకంలో చూశాను, ఇద్దరు పిల్లలతో వరసలో నిలబడి ఉంది. ఆ బూట్లు ఇంటర్ దాకా వేసుకున్నానని, తర్వాత చెల్లెలికి ఇచ్చానని చెప్పింది. మళ్ళీ సెలక్షన్లకు పోలేదట, ఆ మరుసటి ఏడు తోట ఎండిపోయిందట. కాలు బెణికి మంచాన పడుకున్న ఆ వారం గురించి ఆమె ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఆ అంగడి పేరుతో నేను వేయాల్సిన సవరణ ఇంతవరకు అచ్చు కాలేదు. ఆ అంగడీ ఇప్పుడు లేదు. ఆనాడు గీత దగ్గర ఆమె వెనకబడింది రెండు అడుగులు. ఆ వారం రోజుల సాధన ఉండి ఉంటే ఆ రెండు అడుగులూ పూడేవో లేదో నాకు తెలియదు.